మూడు బారల ఇల్లు

ఆ ఏడు ఎండలు ఎట్లా కాశాయంటే, తీరంలో ఎండబెట్టిన చేపలు తమంతట తామే లేచి నీడలోకి నడిచి వెళ్ళాయి. కళ్ళారా చూశాను. ముందు పెద్ద చేపలు, వాటి వెనక చిన్నవి, బడిపిల్లల్లాగా వరసగా. మా వదిన పిచ్చమ్మ మాత్రం వాటిని కాకులు ఎత్తుకెళ్ళాయంటుంది. ఆమెకు ఎప్పుడూ ఏదీ కనపడదు.

అవి వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు ఎవరూ సముద్రంలోకి పడవ దించకూడదు. మగవాళ్ళంతా ఇళ్ళలోనే ఉంటారు. ఒక మగవాడు రెండు నెలలు ఊరికే కూర్చుంటే ఇల్లు సగమవుతుంది. మా అన్న చిన్నపోలయ్య ఇల్లయితే పావు అయింది. ఆ పావులో అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు కొడుకులు, వలలు, పడవ మోటారు, ఒక మేక. వెనక పంచలో నేను, నా కూతురు చిట్టి. పంచ ఎంతంటే, చిట్టి కాళ్ళు చాపుకుంటే మేక లేచి నిలబడాలి. ఆరేళ్ళు అట్లా నిలబడీ నిలబడీ ఆ మేకకు చివరికి నిలబడితేనే నిద్రపట్టేది.

ఆ రోజుల్లోనే, ఒంటరి ఆడవాళ్ళకు కొత్త కాలనీలో ఇళ్ళిస్తున్నారని సచివాలయం దగ్గర వరస కట్టాం. కాగితాలు రాసుకునే పిల్ల పేరు సుప్రియ. ఇళ్ళ ఇంజనీరు. వెంకటాచలం ఊరి వైపు వరి పండించే ఇంటి పిల్లట. కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఆ పిల్ల తలెత్తకుండా అడిగింది.

“భర్త ఎక్కడుంటాడమ్మా?”

నా మొగుడు ఎక్కడికి పోయాడో ఊరికి ఏడు రకాలుగా చెప్పి ఉన్నాను. సొరచేప మీదెక్కి పోయాడని పిల్లలకి. సింగపూరు ఓడలో రాజుగారికి పులుసు కాస్తున్నాడని పెద్దవాళ్ళకి. నాకు తోడుగా వచ్చి వెనక నిలబడిన మా వదిన నా వీపు మీద పొడిచింది.

“ఏదో ఒకటి చెప్పుమే పేరమ్మా, ఆయమ్మ రాసుకోవాల గదా. సొరచేపా, సింగపూరా?”

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

“రాసుకో మేడమ్,” అన్నాను. “పోయినాడు. యాడుండాడో తెలుసు, ఎవురితో ఉండాడో తెలుసు. రాడు.”

మేడమ్ రాసుకుంది. వదిన ఈసారి పొడవలేదు. ఎండగా ఉందని కొంగు తీసి నా నెత్తిన కప్పింది.

పట్టా వచ్చిన రోజు చిట్టి దాని మీద వేలు పెట్టి చూపించింది. “మా, ఇదే నువ్వు. ఇక్కడ్నించి ఇక్కడ దాకా.” నాకు అక్షరం ముక్క రాదు గానీ, ఆ కాగితంలో నేను చాలా అందంగా ఉన్నాను. పక్కన ఇంకెవరూ లేరు.

ఒకటే మెలిక. వేట మళ్ళీ మొదలయ్యే రోజుకి పునాది లేచి ఉండాలి. పునాది ముందు నేను నిలబడిన ఫోటో మేడమ్ ఫోనులోకి ఎక్కాలి. ఎక్కకపోతే స్థలం రద్దు, వరసలో మా వెనకవాళ్ళకి పోతుంది. వెనక ఎంతమంది ఉన్నారంటే, వాళ్ళ వరస కోట ఊరి దాకా ఉంది.

నా పక్క స్థలం లిల్లీది. లిల్లీకి ఇరవై మూడేళ్ళు. మొగుడు జ్వరంతో పోయాడు. రెండేళ్ళ కొడుకు ముఖేష్‌ని చంకనేసుకుని, రొయ్యల గుంటల దగ్గర ఎవరో ఖాళీ చేసిన కాపలా గుడిసెలో ఉండేది. ఎనిమిది దాకా చదివింది. మాట మాత్రం పైకి రాదు. ఆ పిల్ల గట్టిగా మాట్లాడితే ముఖేష్‌కి ఎవరా అని భయం వేసేది.

పెంచలకృష్ణ మేస్త్రి ఆ ఎండల్లో మనిషి దొరకడం లేదు. దొరికిన రోజున సైకిల్ దిగకుండానే చెప్పాడు.

“రొయ్య పిల్లల షెడ్డు కడుతుండాను పేరమ్మక్కా, పది దినాల దాకా రాలేను. మీరే కొలతేసి ముగ్గు పోసి పెట్టుకోండి. కాగితంలో అడుగులు రాసుండాది. నేనొచ్చి గీత మీద కట్టుకుంటా పోతా.”

“గీత వంకరొస్తే?”

“గీత యాడుంటే ఆడ కడతా. ఆలోచించేదానికి కూలి వేరే.”

కాగితం లిల్లీ చదివింది. ఇంటి వెడల్పు పద్దెనిమిది అడుగులు. స్థలం వెడల్పూ అంతే. ఒక స్థలం అయిపోయిన చోటే ఇంకొకటి మొదలు. పద్దెనిమిది అడుగులంటే మూడు బారలని మా తీరంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. రెండు చేతులూ చాచి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా తాడు పట్టుకుంటే ఒక బార. బారకి ఆరడుగులు.

కాకపోతే మా దగ్గర ఒక పట్టింపు ఉంది. వల కొలిచేటప్పుడు ఎవరి వల వాళ్ళే కొలుచుకోవాలి. పక్కవాడి చేతులతో కొలిస్తే ఆ వల పక్కవాడికే చేపలు పడుతుందని తాతల నాటి మాట. వలకే అంత పట్టింపు ఉంటే ఇంటికెంత ఉండాలి? అందుకని నా ఇంటికి నేను బార పట్టాను, తన ఇంటికి లిల్లీ పట్టింది.

చిట్టి అప్పుడే అంది. “మా, మా బళ్ళో టేపుండాది. అడిగి తెచ్చేదా?”

“బట్టలు కొలిచే టేపుతో ఇల్లు కొలిస్తే ఇల్లు చొక్కా మాదిరి వస్తాది. ఊరుకోమే.”

నా చేతుల సంగతి చెప్పాలి. నేను పుట్టినప్పుడు ముందు చేతులు వచ్చాయి, వారం తర్వాత నేను వచ్చాను. పడవలో ఈ చివర కూర్చుని ఆ చివరున్నవాడి జేబులోంచి చుట్ట తీయగలను. అదిగాక, ఆ రోజు నా సొంత ఇల్లు కొలుస్తున్నాను. ఛాతీ విరుచుకుని, ఊపిరి బిగబట్టి, వేళ్ళు కూడా సాగదీశాను. లిల్లీ చేతులు చాస్తే పిచ్చుక రెక్క విప్పినట్టుంటుంది. నేను ఎడమ కొస రాయి నుంచి మొదలు పెట్టాను, లిల్లీ కుడి కొస రాయి నుంచి. మధ్యలో హద్దు రాయి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఆ ముందు వారం గాలికి ఇసుక కప్పేసింది. ఆ గాలి మామూలు గాలా? ఆరేసిన మా అన్న లుంగీ ఎగిరిపోయి, మూడోనాడు శ్రీలంక నుంచి గంజి పెట్టి తిరిగొచ్చింది.

పది రోజులకి మేస్త్రి వచ్చాడు. గీత మీద కట్టుకుంటూ పోయాడు. రాళ్ళు నేనూ లిల్లీ మోశాం. పక్క స్థలాల్లో రాళ్ళు మోసే ఆడవాళ్ళు కూడా పిల్లల్ని తెచ్చేవాళ్ళు. ఎక్కడ వదులుతారు? ముఖేష్‌తో కలిపి ఏడుగురు తయారయ్యారు. ఏడుగురూ ఏడు వైపులకి పరిగెత్తేవాళ్ళు. ఒకడు సున్నం తినేవాడు. నేను రాయి దించినప్పుడల్లా వాళ్ళ ముందు కూర్చుని కాస్త కథ చెప్పి, మంచి పట్టు మీద ఆపి లేచేదాన్ని.

“ఎండ్రకాయ బస్సు నడపతా ఉండాది. డ్రైవరు సీట్లో అడ్డంగా కూర్చుంది. అది నేరుగా పోలేదు గదా? బస్సు కూడా అడ్డంగా పోతుండాది. కోటలో ఎక్కిన మనిషి చిల్లకూరులో దిగాలంటే...”

“దిగాలంటే?”

“ఆగండి, ఇంకో రాయేసొచ్చి చెబతా.”

నేను వచ్చేదాకా ఏడుగురూ నోరు తెరుచుకుని అక్కడే కూర్చునేవాళ్ళు. సున్నం తినేవాడు సున్నం మర్చిపోయాడు.

పునాదులు మోకాలి ఎత్తు లేచాయి. లిల్లీ తన దాంట్లో దిగి, పొయ్యి ఎక్కడ పెడుతుందో నాకు చూపించింది. కిటికీ కింద నీళ్ళ బిందె. మూలన ముఖేష్ ఉయ్యాల. ఆ పిల్ల అంత సేపు మాట్లాడడం నేను చూడలేదు. “నీది పెద్దదిగా కనపడుతుండాది అక్కా,” అంది చివర్లో, ఊరికే.

“నా మనసు పెద్దది గదా, దానికి తగినట్టు కట్టినాం,” అన్నాను. నవ్వుకున్నాం.

వేట మొదలవడానికి తొమ్మిది రోజులుందనగా సుప్రియ మేడమ్ స్కూటీ మీద వచ్చింది, చేతిలో ఇనప టేపుతో. ఒకసారి నాది కొలిచింది. ఇంకోసారి కొలిచింది. లిల్లీది కొలిచింది. తర్వాత మా రెండు పునాదుల మధ్యన ఉన్న సందులో నిలబడింది. ఆ సందు ఎంత సన్నమంటే, ఆ బక్క పిల్ల కూడా పక్కకి తిరిగి నిలబడాల్సొచ్చింది.

“ఎవరు మార్కింగ్ చేసింది?”

“మేమే మేడమ్.”

“దేంతో?”

నేను రెండు చేతులూ చాచి చూపించాను. లిల్లీ కూడా చాచింది. పక్కపక్కన అట్లా నిలబడితే అప్పుడు కనపడింది. నా చేతులెక్కడ, దాని చేతులెక్కడ! మేడమ్ ఒకసారి నన్ను, ఒకసారి దాన్ని చూసి, స్కూటీ సీటు మీద కూలబడింది.

మేస్త్రి ఇసుక తోడితే హద్దు రాయి బయటపడింది. నా గోడకి లోపల ఉంది. నా ఇల్లు హద్దు దాటి లిల్లీ స్థలంలోకి అడుగున్నర పోయింది. లిల్లీది మూడడుగులు తక్కువ.

“నీది పక్క స్థలంలో ఉంది కాబట్టి ఫోను ఫోటో తీసుకోదు పేరమ్మా,” అంది మేడమ్. “లిల్లీది ఉండాల్సిన దానికన్నా చిన్నది. అదీ తీసుకోదు. ఈ ఫోను నేనేం చెప్పినా వినదు.”

“ఒక మాట చెప్పి చూడు మేడమ్. నా చేతులతో కొలిచినామని.”

“దానికి చేతుల్లేవమ్మా.”

అవతల పిల్లలు “ఎండ్రకాయ, ఎండ్రకాయ” అని గోల. మేస్త్రి బీడీ వెలిగించుకుని నన్ను పక్కకి పిలిచాడు, కానీ వాడి గొంతు వాడికి తెలియకుండానే మైకు లాంటిది.

“అక్కా, తొమ్మిది దినాల్లో రెండూ లేపేది కాని పని. నీదయితే గట్టిగా ఉండాది. ఆ పాపది ఎట్టా పోయేదే. ఆ స్థలం నాకొద్దని రెండు ముక్కలు రాసిచ్చిందనుకో, నీ గోడకి అడ్డం ఎవురుండారు? ఆయమ్మ వెనకాల ఇంకోసారి అర్జీ పెట్టుకుంటాది.”

మేడమ్ వైపు చూశాను. “లిల్లీ ఒప్పుకుంటే... పై ఆఫీసులో అడగాలి,” అంది టేపు చుట్టుకుంటూ.

“రాసిస్తానక్కా,” అంది లిల్లీ. “నీదన్నా నిలబడనీ. చిట్టి పెద్దదవతుండాది. మాకేముండాది, ఆ గుడిసెలో అలవాటైపోయింది.”

నిజం చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది. ఆరేళ్ళు మేకతో పడుకున్నదాన్ని. నోటి దాకా మాట వచ్చింది కూడా. ఇంతలో ముఖేష్ లిల్లీ పునాదిలోకి దిగి, ఉయ్యాల అని ఆ పిల్ల చూపించిన మూలనే ఇసుకలో బోర్లా పడుకుని నిద్రపోయాడు.

“మేస్త్రీ, గడ్డపార యాడ?” అన్నాను.

“దేనికి?”

“నా గోడ పీకేదానికి.”

పొరుగింటి గోడ పగలగొట్టిన ఆడదాన్ని చూసి ఉంటారు. సొంత గోడ పగలగొట్టేదాన్ని చూడడానికి సగం కాలనీ వచ్చింది. మొదటి రాయి ఊడేసరికి సుప్రియ మేడమ్ స్కూటీ దిగి వచ్చింది. ఇసుకలో కూర్చుని పుల్లతో రెండు ఇళ్ళు గీసింది. చెరిపింది. మళ్ళీ గీసింది. ఈసారి మధ్యలో రెండు గోడలు కాకుండా ఒకటే గీత గీసింది.

“ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే హద్దు మీద ఒకే గోడ కట్టుకోవచ్చు,” అంది. “ఇటు నీది, అటు లిల్లీది. నీ గోడ ఒకటి, లిల్లీ గోడ ఒకటి పీకితే వచ్చే రాళ్ళతోనే ఆ గోడా లేస్తుంది, లిల్లీ ఇల్లు సాగడానికీ సరిపోతుంది. అప్పుడు ఇద్దరివీ పద్దెనిమిదే.”

“ఈ మాట ముందే చెప్పొచ్చు గదా మేడమ్!”

“ముందు నాకూ తట్టలేదు,” అంది. ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఆ సాయంత్రం ఇంటికి పోయి చెబితే మా వదిన నమ్మలేదు. “నీ గోడ నువ్వే పీకినావా? ఇది ఏడో కథా, ఎనిమిదో కథా?” నా అరచేతుల్లో బొబ్బలు చూపించాను. చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. తర్వాత వసారాలో చుట్ట కాలుస్తున్న మా అన్న మీద విరుచుకుపడింది. “రెండు నెలల నుంచి గోడకానుకుని కూర్చోనుండావే, ఆ గోడ కట్టేదానికి పోగూడదా?”

మర్నాడు పొద్దున్నే అన్న, అన్నతోపాటు పడవలో పోయే ఆరుగురు వచ్చారు. సముద్రం లేక వాళ్ళ చేతులు దురద పెడుతున్నాయి. ఏడుగురూ వల లాగినట్టు పాట ఎత్తుకుని మరీ రాళ్ళు లాగారు. ఒక రాయిని ఎంత గట్టిగా లాగారంటే దాని వెనక ఇంకో రెండు రాళ్ళు పిలవకుండానే వచ్చాయి. అన్న అలవాటు కొద్దీ తాడు తీసుకుని రెండు చేతులూ చాచాడు.

“వొద్దనా!” అని అరిచాం, నేనూ లిల్లీ. లిల్లీ గొంతు నాకన్నా పెద్దగా వచ్చింది. ముఖేష్ ఏడుపు లంకించుకున్నాడు.

“మోసేది మీరు,” అన్నాను. “కొలిచేది టేపు. పట్టుకునేది మేం.”

ఆ కొస నేను, ఈ కొస లిల్లీ. అంకెలు చదివేది చిట్టి. మేస్త్రిని కూడా చిట్టి అదిలించింది. “ఓ మేస్త్రీ, వేలెడు పక్కకి పోయినావు, ఎనక్కి రా.” ఆలోచించడానికి కూలి వేరే అన్నవాడు నోరు మూసుకుని వెనక్కి వచ్చాడు.

ఎనిమిదో రోజుకి రెండు ఇళ్ళు, మధ్యలో ఒకే గోడ. మేడమ్ వచ్చి కొలిచింది. రెండోసారి కొలవలేదు. లిల్లీ ఫోటో మొదటిసారికే ఎక్కింది. తర్వాత నన్ను పునాది ముందు నిలబెట్టి ఫోను ఎత్తింది.

“నవ్వు ఆపు పేరమ్మా, ముఖం కదిలిపోతోంది.”

“ఆగడంల్యా మేడమ్.”

నాలుగుసార్లు తీసింది. నాలుగుసార్లూ నేను కదిలాను. అయిదోసారి లిల్లీ వెనక నుంచి నా రెండు చేతులూ పట్టుకుని వంగి దాక్కుంది. ఫోటో ఎక్కింది. మేడమ్ చూపించిన ఫోటోలో నా పక్కన లిల్లీ చెవి ఒకటి ఉంది. ఫోనుకి చేతులే కాదు, కళ్ళు కూడా సరిగ్గా లేవని తెలిసింది.

ఆ రోజే మేడమ్ ఇంకో సంగతి కదిపింది. ఆమె స్కూటీ స్టాండు వేస్తూ, ఏడుగురు పిల్లలు నా చుట్టూ కూర్చుని ఉండడం ఎన్నిసార్లు చూసిందో. కాలనీ ఆడవాళ్ళు పనికి పోవాలంటే పిల్లల్ని చూసేవాళ్ళు కావాలి. మహిళా సంఘం వాళ్ళు చాపలు, పాలు, గుడ్లు పంపి, చూసుకునే మనిషికి నెల జీతం కూడా ఇస్తారట. పది రోజులు కోటలో నేర్పిస్తారట. “రాసేది నీకు చిట్టి సాయం చేస్తుంది. పేరిచ్చేదా?”

కోటలో నేర్పించే ఆమె రెబెక్కమ్మ గారు. కళ్ళజోడు, చేతిలో పెద్ద పుస్తకం. నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

“ఎంతవరకు చదివావమ్మా?”

“చదవలేదు మేడమ్.”

“పిల్లవాడు అన్నం తినకపోతే ఏం చేస్తావు?”

“అన్నం లోపల చేప దాక్కోనుండాదని చెబతా.”

“లోపల చేప లేదు కదా?”

“అందుకే గదా మేడమ్, ఎతికి ఎతికి మొత్తం తినేస్తాడు.”

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పది రోజుల్లో జ్వరం వస్తే ఏం చేయాలి, చేతులు ఎట్లా కడగాలి, గొంతులో గింజ పడితే వీపు మీద ఎట్లా తట్టాలి, ఏ నంబరుకి ఫోను చేయాలి, అన్నీ నేర్పించింది. నేను ఆమెకి ఎండ్రకాయ బస్సు నేర్పించాను. ఇప్పుడు ఆమె చిల్లకూరులో ఆడవాళ్ళకి నేర్పేటప్పుడు అదే చెబుతోందట.

వేట మొదలైంది. పడవలు పోయాయి. మా గోడలు లేచాయి. పొద్దున ఆరింటికి రొయ్యలు వలిచే కంపెనీ బస్సు కాలనీ ముందుకి వస్తుంది. లిల్లీ ముఖేష్‌ని నా చాప మీద దించి, తెల్ల టోపీ పెట్టుకుని ఆ బస్సెక్కింది. మొదటి రోజు ఎక్కింది, దిగింది, వాడికి ముద్దు పెట్టింది, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. డ్రైవరు హారను కొట్టాడు. “పోమ్మే, నేనుండా గదా,” అన్నాను. ముఖేష్ అయితే తిరిగి కూడా చూడలేదు. ఎండ్రకాయకి ఆ రోజు బస్సు టైరు పంచరై ఉంది.

నెల తిరిగేసరికి నా చాప మీద పదకొండుమంది. లిల్లీ జీతం తెచ్చుకున్న రోజున ముందుగా ఒక కుర్చీ కొనుక్కుంది. ఎరుపు రంగు ప్లాస్టిక్ కుర్చీ. ఇంకా పైకప్పు లేని ఇంటి నడిమధ్య వేసుకుని, అందులో ఒక్కతే అరగంట కూర్చుంది. నేను పిలవలేదు.

ముసురు పట్టకముందే స్లాబు పడింది. తలుపులు పెట్టారు. గృహప్రవేశం ఇద్దరికీ ఒకే పొద్దున. గోడకి ఇటు నేను పసుపు రాశాను, అటు లిల్లీ వాళ్ళ పాస్టరు గారు సిలువ కొట్టించారు. ఇటు పాలు పొంగుతుంటే అటు ప్రార్థన పాట. మేకు కొట్టేటప్పుడు మా వైపు పసుపు రాలితే, “మెల్లగానమ్మా!” అని నేను, “అయిపోయిందక్కా!” అని గోడ అవతల నుంచి లిల్లీ. సుప్రియ మేడమ్ ఇటు పాయసం తిని, అటు కేకు తిని, స్కూటీ ఎక్కలేక అరగంట అరుగు మీద కూర్చుంది.

మర్నాడు ఆదివారం. పిల్లలు రారు, బస్సు రాదు. చిట్టి పక్కింట్లో ముఖేష్‌కి అ ఆలు దిద్దబెడుతోంది. ఇంట్లో నేనొక్కదాన్నే. ఏం చేయాలో తోచలేదు. నేల మీద కాళ్ళు చాపాను. ఎవరూ లేవలేదు. ఇంకాస్త చాపాను. తర్వాత లేచి తలుపు వేసి, లోపల గొళ్ళెం పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. కొత్త గొళ్ళెం, టక్కున పడుతుంది. అట్లా ఒక వెయ్యిసార్లు పెట్టి ఉంటాను.

వెయ్యీ ఒకటోసారి పెట్టినప్పుడు బయట నుంచి ఎవరో తలుపు కొట్టారు.

నా నలభై ఏళ్ళల్లో నేను ఎన్ని తలుపులు కొట్టానో లెక్కలేదు. వల పని కోసం, అప్పు బియ్యం కోసం, వానకి తలదాచుకోవడం కోసం. నేను లోపల ఉండగా బయటివాళ్ళు కొట్టడం ఇదే మొదలు. గొంతు సవరించుకున్నాను.

“ఎవురదీ?”

“నేనేమే. తలుపు తియ్యి.”

“నేనంటే ఎవురు?”

“పిచ్చమ్మనే! మీ వదినని. చేపల పులుసు తెచ్చినా, చెయ్యి కాలతుండాది. నీకేమన్నా చెవుడొచ్చిందా?”

పులుసు వాసన తలుపు సందులోంచి వస్తోంది. గొళ్ళెం మీద చెయ్యి వేశాను. తియ్యబుద్ధి కాలేదు. ఇంకొక్కసారి. ఒక్కసారే.

“ఎవురదీ?” అన్నాను.